చెరకాకులో నేల వాటా

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. నరికేసిన చెరకు తోటలో ట్రాక్టరు వెనక బేలర్ నడుస్తోంది. దారిలో ఉన్న ఎండాకునంతా లోపలికి లాక్కుని వెనకనుంచి బిగుతైన కట్టలు వదులుతోంది. అది తిరిగిన మేర నేల ఊడ్చి పెట్టినట్టు తేటగా ఉంది. కింద రాత: ‘చెత్త కాల్చకండి, అమ్ముకోండి. పొగ లేదు, డబ్బుకు డబ్బు.’ వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. మావాళ్ళలో చాలామందికి చోడవరం, మాడుగుల చుట్టుపక్కల ఇంకా ఎంతో కొంత చెరకు ఉంది. అందుకని మాట నేరుగా ఎకరానికి ఎంతిస్తారన్న దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను చప్పట్లు కొట్టలేదు. అలాగని అక్కడ వాదనకూ దిగలేదు. ఆ గ్రూపులో నాలుగు లైన్లు దాటితే ఎవరూ చదవరు. ఇక్కడైతే తీరిగ్గా రాసుకోవచ్చు.

నా వాదన ఇంతే. పొగ సంగతి చూస్తే కాల్చడం కంటే కట్టలు కట్టి అమ్మడం మేలు, అందులో తగువు లేదు. కానీ నేలలో బతికే సూక్ష్మజీవుల వైపునుంచి చూస్తే ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. వాటి ఏడాది తిండి రెండు పద్ధతుల్లోనూ పోతుంది. ఒక విషయంలో నష్టం చేయడంలో బేలర్ నిప్పు కంటే ఓ మెట్టు పైనే ఉంది. ఆకు కాలితే నత్రజని, గంధకం చాలావరకు గాల్లో కలిసిపోయినా బూడిదలో పొటాష్, సున్నం చేనులోనే మిగులుతాయి. బేలర్ వాటినీ లారీ ఎక్కిస్తుంది. ‘కాల్చకండి’ అన్న నినాదం వెనక ‘నేలను కాపాడండి’ అన్న అర్థం ఉందనుకుని మనం తల ఊపుతున్నాం. ఆ అర్థం అందులో లేదు.

నిప్పు చంపేది ఎవరిని?

ముందు కాల్చడం గురించి. ‘ఒక్కసారి నిప్పు పెడితే మట్టిలో కోట్ల జీవులు చచ్చిపోతాయి, నేల గొడ్డుబోతుంది’ అని రైతు సదస్సుల్లో చెబుతారు. మా చిన్నాన్న దీన్ని ఎన్నో ఏళ్ళుగా వింటున్నాడు, ఎన్నో ఏళ్ళుగా కాలుస్తూనే ఉన్నాడు. “సచ్చిపోతే మరి కార్శి ఎలా లేస్తందిరా?” అంటాడు. కార్శి అంటే నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ లేచే పంట. ఆయన కళ్ళెదుట కాల్చిన మోళ్ళ నుంచి పది రోజుల్లో పచ్చటి పిలకలు వస్తున్నప్పుడు, సదస్సులో మైకు పట్టుకున్నవాడి మాట ఎందుకు నమ్మాలి?

నిజానికి ఈ విషయంలో చిన్నాన్నే సగం ఒప్పు. నరికిన తరవాత చేనులో పరుచుకున్న ఎండాకు నిమిషాల్లో మండిపోతుంది. ఆ వేడి పైన ఒకటి రెండు సెంటీమీటర్లు దాటి గట్టిగా దిగదు. కింద ఉన్నవి బతికే ఉంటాయి, తడి తగలగానే పైకి వచ్చి మళ్ళీ పెరుగుతాయి. నిప్పు సూక్ష్మజీవులను నేరుగా చంపడం చిన్న నష్టం. అసలు నష్టం ఆ మంట ఆరిన తరవాత మొదలవుతుంది. మట్టిలో ఉండే బాక్టీరియా, బూజులు ఎక్కువ కాలం తిండి లేక నిద్రలాంటి స్థితిలోనే గడుపుతాయి. వేళ్ళ చుట్టూ ఊరే రసాలు తప్ప వాటికి దొరికే కార్బన్ చాలా తక్కువ. ఏడాదికి ఒక్కసారి, చెరకు కొట్టినప్పుడు, ఎకరానికి టన్నుల కొద్దీ తిండి నేలమీద పడుతుంది. దాన్ని కాల్చేస్తాం. పైగా ఏప్రిల్, మే ఎండకు ఆ నేలను బట్టబయలుగా వదిలేస్తాం. మా గరువు భూముల్లో మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకు మట్టి పైపొర ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు. ఆకు కప్పి ఉన్న సాలులో అదే వేళ చెయ్యి పెడితే చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది. సూక్ష్మజీవికి నిప్పు ఒక్క పూట, ఎండ రెండు నెలలు.

ఈ తేడాను ఓపిగ్గా చూసినవాళ్ళు ఉన్నారు. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లో 1939లో ఒక చెరకు ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని మళ్ళలో ఏటా కాల్చడం, కొన్నింట్లో ఆకంతా ఉంచేయడం. దశాబ్దాల పాటు అవే మళ్ళు, అదే పద్ధతి. చెరకు మీద ఇంతకంటే పాత ప్రయోగం ఎక్కడా లేదంటారు. (ఆ చుట్టుపక్కల ఎస్టేట్లలో 1860 నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళి చెరకు నరికినవాళ్ళలో విశాఖ, గంజాం వైపు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మనవలు ఇప్పటికీ డర్బన్‌లో తెలుగు సంఘాలు నడుపుతున్నారు. ఈ సంగతి తెలిశాక ఆ ప్రయోగం మీద వచ్చిన పరిశోధన పత్రం నాకు పరాయి దేశపు కాగితంలా అనిపించలేదు.) అరవై ఏళ్ళ తరవాత ఆ మట్టిని పరీక్షించినప్పుడు, ఆకు ఉంచిన మళ్ళ పైపొరలో సేంద్రియ కార్బన్ పెరిగింది. దానికంటే ఎక్కువ నిష్పత్తిలో పెరిగింది మాత్రం సూక్ష్మజీవుల రాశి. అంటే మట్టి ‘సారం’ అని మనం అనే దాంట్లో మార్పు ముందు కనబడేది వీటి దగ్గరే.

కానీ ఆ పత్రంలోనే నా వాదనకు ఎదురు నిలిచే మాట కూడా ఉంది. అరవై ఏళ్ళు ఆకు ఉంచినా సేంద్రియ కార్బన్‌లో తేడా కనబడింది పైన 10 సెంటీమీటర్లలోనే. అరవై ఏళ్ళు! ఏటా కౌలు మార్చుకునే రైతు ముందు ఈ అంకె పెట్టి నేనేం మాట్లాడగలను?

కాలినా గాల్లోకే, కుళ్ళినా గాల్లోకే

ఈ మాట చిన్నాన్న ఇంకో రకంగా అడిగాడు, నాకు చాలారోజులు జవాబు తోచలేదు. ఆకు ఏడాది తిరిగేసరికి కనబడకుండా పోతుందని ఆయనకు తెలుసు. మన ఎండకు, వానకు చెరకాకులో ఉన్న కార్బన్‌లో అత్యధిక భాగం ఏడాదిలోపే బొగ్గుపులుసు వాయువుగా వెళ్ళిపోతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తోటల్లో కొలిచినవాళ్ళూ ఇదే చెప్పారు.

“పొగై ఎల్లినా గాల్లోకే, కుళ్ళి ఎల్లినా గాల్లోకే గదా. మరి తేడా ఏటి?”

తేడా మధ్య దారిలో ఉంది. మనం తిన్న అన్నం కూడా చివరికి ఊపిరిగా గాల్లోకే పోతుంది. అంతమాత్రాన బియ్యం తగలబెట్టడం, తినడం ఒకటే అనం, ఎందుకంటే తిన్నవాడు ఆ మధ్యలో పొలం పని చేశాడు. ఆకు కుళ్ళేటప్పుడూ అంతే. ఆ కార్బన్ బయటికి వెళ్ళేలోగా ఒక జీవి నుంచి ఇంకో జీవికి చాలాసార్లు చేతులు మారుతుంది. బూజు దారాలు మట్టి రేణువులను చుట్టి చిన్న చిన్న ఉండలుగా కడతాయి, వాటి మధ్య నీరు, గాలి నిలుస్తాయి. బాక్టీరియా స్రవించే జిగురు ఆ ఉండలను పట్టి ఉంచుతుంది. గంధకం, భాస్వరం సేంద్రియ రూపంలోంచి విడివడి వేరుకు అందుతాయి. వాటిని తిని బతికే పురుగులు, వానపాములు బొరియలు చేస్తాయి. ఇదంతా నడవాలంటే ఇంధనం కావాలి, ఆ ఇంధనమే ఆకు. కాల్చినప్పుడు వెలువడేదీ అంతే శక్తి, కాకపోతే ఆ అరగంట వేడికి ఎవరూ ఏ పనీ చేయరు.

అందుకే సేంద్రియ కార్బన్ శాతం ఎంత పెరిగిందన్న ప్రశ్న ఒక్కటే పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చదు. అది నిల్వ లెక్క. సూక్ష్మజీవుల ఆరోగ్యం నిల్వ కంటే రాబడి మీద ఎక్కువ ఆధారపడుతుంది, ఏటా కొంత కొత్త తిండి పడుతోందా లేదా అన్నదాని మీద. ఈశాన్య బ్రెజిల్‌లో పెర్నాంబుకో రాష్ట్రంలో ఒక మిల్లు తోటలో 16 ఏళ్ళు నడిపిన ప్రయోగంలో, కాల్చకుండా ఆకు ఉంచిన మళ్ళలో చెరకు దిగుబడి సగటున నాలుగో వంతు ఎక్కువ వచ్చింది. దిగుబడులు మాత్రం మొదటినుంచీ తక్కువ ఉన్న చోటు అది. తడి నిలవడం అక్కడ ఎక్కువ పని చేసి ఉంటుందని నా ఊహ. నీళ్ళు పుష్కలంగా పెట్టే తోటలో అంత తేడా వస్తుందని ఎవరికీ మాటివ్వను.

ఆకు ఉంచినవాడి కష్టాలు

ఆకు ఉంచమని చెప్పడం తేలిక. ఉంచినవాడికి ఏమవుతుందో కూడా చెప్పాలి కదా.

మొదటిది, కార్శి పాలిపోవడం. ఆకు కప్పిన మొదటి ఏడాది రెండు నెలల తోట పసుపు తిరిగి నిలబడుతుంది, పక్కన కాల్చిన తోట ముదురు పచ్చగా నవ్వుతుంటుంది. ఊళ్ళో నలుగురూ గట్టు మీద ఆగి చూసి వెళ్తారు. ఆకు ఉంచే ప్రయత్నాలు చాలావరకు ఇక్కడే ఆగిపోయాయి. దీని వెనక లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఒక టన్ను ఎండాకులో సుమారు 430 కిలోల కార్బన్, నాలుగైదు కిలోల నత్రజని ఉంటాయి. సూక్ష్మజీవులు ఆ కార్బన్‌లో ఓ మూడో వంతుతో తమ ఒళ్ళు కట్టుకుంటాయనుకుందాం, మిగతాది శక్తి కోసం ఖర్చు. వాటి ఒంట్లో ప్రతి ఎనిమిది పాళ్ళ కార్బన్‌కు ఒక పాలు నత్రజని ఉండాలి. అంటే దాదాపు 18 కిలోలు కావాలి, ఆకులో ఉన్నది నాలుగైదే. మిగతా 13 కిలోలు మట్టిలోంచి, అంటే కార్శి నోటి దగ్గరి నుంచి లాక్కుంటాయి. మూడు టన్నుల ఆకుంటే కాగితం మీద ఇది రెండు బస్తాల యూరియా.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, చేనులో ఇదంతా ఒక్క రోజున జరగదు. మట్టికి తగిలి ఉన్న అడుగు ఆకే ముందు కుళ్ళుతుంది. పైది ఎండి అలాగే ఉంటుంది. చచ్చిన సూక్ష్మజీవుల నత్రజని తరవాతివాటికి పనికొస్తుంది. అయినా మొదటి రెండు నెలల పోటీ మాత్రం నిజం. అందుకే ఆకు ఉంచితే ఎరువు ఖర్చు వెంటనే తగ్గుతుందని చెప్పేవాళ్ళంటే నాకు కోపం. క్వీన్స్‌లాండ్ పరిశోధకులు కూడా మొదటి కొన్నేళ్ళు నత్రజని తగ్గించవద్దనే అన్నారు. తగ్గించడం కాదు, మొదటి తడికే కొంత ముందుగా వేయాలి. అప్పుగా వెళ్ళిన ఆ నత్రజని పోదు, తిరిగొస్తుంది. కానీ రెండో కార్శిలోనో, మూడో కార్శిలోనో. ఆనాటికి ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో?

రెండోది ఎలుకలు, పాములు. నగరంలో కూర్చుని దీన్ని చిన్నచూపు చూడటం తగదు. క్వీన్స్‌లాండ్‌లో 1930లలో చెరకు కాల్చడానికి పట్టుబట్టింది కూలీలే. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పిరోసిస్ జబ్బుతో నరికేవాళ్ళు చనిపోతుంటే, కాల్చిన చెరకే (నరకకముందే తోటకు నిప్పు పెట్టి ఎండాకు వదిలించిన చెరకే) నరుకుతామని 1935లో సమ్మె చేశారు. అక్కడ నిప్పు బద్ధకంతో మొదలవలేదు, ప్రాణభయంతో మొదలైంది. మనుషుల బదులు యంత్రాలు పచ్చి చెరకు నరకడం వచ్చాక, 1980ల నుంచి, వానలెక్కువుండే ఉత్తర ప్రాంతం నిప్పు మానేసి ఆకు దుప్పటి పరవడానికి మళ్ళింది. నీటి పారుదల కింద చెరకు బలంగా పెరిగి పడిపోయే బర్డెకిన్ ప్రాంతం ఇప్పటికీ కాలుస్తూనే ఉంది. ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు. బ్రెజిల్‌లో కూడా ఆకు ఉంచడం మొదలుపెట్టాక వేళ్ళ దగ్గర రసం పీల్చే ఒక రకం పురుగు ఉద్ధృతి పెరిగింది, తడి నీడ దానికీ ఇష్టమే. మంచి జీవులకు మాత్రమే ఆశ్రయమిచ్చే ఆకు ఎక్కడా లేదు.

మూడోది, మాకు జరిగింది. చిన్నాన్న ఓ పొలం చెక్కలో నా మాట విని ఆకు ఉంచాడు. కార్శి మూరెడు లేచాక పక్క చేనువాళ్ళు మధ్యాహ్నం గాలిలో నిప్పు పెట్టారు. అది గట్టు దాటి మా ఆకులోకి వచ్చింది. వాళ్ళ చేనులో మోళ్ళే ఉన్నాయి కాబట్టి వాళ్ళకేమీ కాలేదు, మా పిలకలు మాడాయి. తిరిగి లేచాయిగానీ తోట ఎగుడుదిగుడుగా వచ్చింది. చుట్టూ కాల్చే ఊళ్ళో ఒక్కడు ఆకు ఉంచడమంటే అందరి నిప్పుకూ తాను పూచీ పడటమే. చిన్నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. మా పిన్ని అంది.

ఆ తరవాత నుంచి ఆయన ఒక మధ్యేమార్గం పట్టాడు. సాలు విడిచి సాలు ఆకు సర్దడం, గట్ల వెంబడి రెండు బారల మేర ఖాళీ ఉంచడం. ఖాళీ సాళ్ళలో నీళ్ళు, ఎరువు, మనుషులు తిరగడం. మరుసటి ఏడు ఆకు రెండో సాలులోకి. కూలి ఖర్చు అవుతుంది, నిజమే. కానీ నేను చదివిన పత్రాలన్నింటికంటే ఈ ఏర్పాటే నాకు ఆచరణకు దగ్గరగా కనబడింది.

రెండు కిలోల బెల్లం, మూడు టన్నుల ఆకు

మా ప్రాంతంలో ప్రకృతి వ్యవసాయం బాగానే ప్రచారమైంది. జీవామృతం డ్రమ్ములు చెరకు చేలల్లోనూ కనిపిస్తాయి. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. ఇది ఎకరానికి. నేను దీన్ని వెటకారం చేసేవాళ్ళలో లేను. కానీ జీవామృతం పోసిన చేనులోనే, దానికి ముందు నెల, ఎండాకు తగలబెట్టిన మసి చూశాను.

ఇక్కడ లెక్క ఎంత తలకిందులైందో చూడండి. సూక్ష్మజీవుల కోసమని నాలుగు కిలోల తిండి డ్రమ్ములో కలిపి పోస్తున్నాం, అవే జీవుల కోసం నేలమీద పడి ఉన్న మూడు టన్నుల తిండికి అగ్గిపుల్ల గీస్తున్నాం. బెల్లం కూడా ఆ చెరకుదే! సీసాలో వచ్చే వేస్ట్ డీకంపోజర్ (చెత్తను కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల ద్రావణం) విషయమూ ఇంతే. ఆకు ఉంచి, తడిపి, దానిమీద చల్లితే దాని పని దానికి ఉంటుంది. ఆకు లేని చేనుమీద చల్లితే ఏం తింటుంది? గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో జీవులు ఇప్పటికే ఉన్నాయి. వాటికి ఆకలి తీరితే చాలు, బయటినుంచి కొత్తవాటిని తేవాల్సిన అవసరం చాలా అరుదు. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన నాలుగు సూత్రాల్లో ఆచ్ఛాదన, అంటే నేలను కప్పి ఉంచడం, కూడా ఒకటి. కానీ డ్రమ్ము కనబడినంతగా ఆచ్ఛాదన కనబడదు. డ్రమ్ము పక్కన నిలబడి ఫొటో తీసుకోవచ్చు, చెత్త పక్కన నిలబడి ఎవరు తీసుకుంటారు?

సరిగ్గా లెక్క వేస్తే అమ్మడానికి ఎంత మిగులుతుంది?

బేలర్ దగ్గరికి వస్తాను. చెరకాకుకు గిరాకీ రావడం వింతేమీ కాదు. థర్మల్ కేంద్రాలు బొగ్గుతో పాటు 5 శాతం పంట వ్యర్థాల గుళికలు కలిపి మండించాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. మిల్లుల కోజనరేషన్ (పిప్పి మండించి కరెంటు తీసే) బాయిలర్లకు పిప్పి చాలనప్పుడు ఆకు కావాలి. మనకంటే ముందు ఈ దారిలో నడిచింది బ్రెజిల్. సావ్ పాలో రాష్ట్రం 2002లో చట్టం చేసి చెరకు కాల్చడాన్ని దశలవారీగా ఆపాలంది. 2007లో మిల్లులతో కుదిరిన ఒప్పందం ఆ గడువులను యంత్రాలు తిరిగే నేలల్లో 2014కు, మిగతా చోట్ల 2017కు కుదించింది. నిప్పు ఆగింది, నేలమీద హెక్టారుకు 10 నుంచి 20 టన్నుల ఆకు పేరుకుంది. అది పేరుకున్న కొద్ది రోజులకే విద్యుత్తువాళ్ళు, ఆకు, పిప్పి లాంటి పీచు నుంచి తీసే రెండో తరం ఇథనాల్‌వాళ్ళు ఇది మాకివ్వండి అన్నారు. అక్కడి నేల శాస్త్రవేత్తల మధ్య చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న ఇదే: ఎంత తీయొచ్చు, ఎంత ఉంచాలి? వాళ్ళ సమీక్షల్లో తరచు వినబడే అంకె హెక్టారుకు కనీసం 7 టన్నులు నేలమీద ఉండాలని. అంటే ఎకరానికి 2.8 టన్నులు.

ఇప్పుడు మన చేను. ఎకరానికి 30 టన్నుల చెరకు పండిందనుకుందాం. టన్ను చెరకుకు పొడి లెక్కన సుమారు 140 కిలోల ఆకు, మొవ్వు (గడ పైన ఉండే పచ్చి కొస) కలిపి వస్తుందన్నది వాడుకలో ఉన్న అంచనా. మొత్తం 4.2 టన్నులు. ఇందులో పచ్చి మొవ్వు నరికినవాళ్ళో, పశువులున్నవాళ్ళో మోసుకుపోతారు. మా ఊళ్ళో అది ఎవరూ కాదనరాని ఆనవాయితీ. చేనులో మిగిలేది మూడు టన్నుల పైచిలుకు. వానకు పిప్పి తడిసిన రోజు గానుగ పొయ్యిలోకి కొంత పోతుంది. బ్రెజిల్ అంకెనే నేల వాటాగా తీసుకుంటే, బేలర్‌కు మిగిలేది ఓ రెండు మూడు కట్టలు. వాటికోసం ట్రాక్టరు రాదు.

ఆ అంకె మన గరువు భూములకు అచ్చంగా సరిపోతుందా అంటే, సరిపోదు. నేల వేరు, వాన వేరు, మన ఇసుక నేలల్లో ఆకు ఇంకా తొందరగా కుళ్ళొచ్చు. అప్పుడు వాటా పెరగాలే తప్ప తగ్గదు. మరోపక్క ఎకరానికి 45, 50 టన్నులు పండించే చేలల్లో ఆకు నిజంగానే ఎక్కువై పిలకలు పైకి రాక అణిగిపోతాయి. అక్కడ కొంత తీయడం తప్పు కాదు, తీయడమే మేలు. కాబట్టి బేలర్ వద్దని నేననడం లేదు. సగం తీసి సగం ఉంచే బేలర్ కావాలంటున్నాను. మా ఊరికి వచ్చిన ఏజెంటును చిన్నాన్న అదే అడిగాడు, సాలు విడిచి సాలు తీసుకుంటావా అని. అలాగైతే డీజిలుకే సరిపోదన్నాడతను. అతని లెక్కలో అది నిజమే అయివుండొచ్చు. కానీ సగం ఉంచితే గిట్టుబాటు కాని వ్యాపారం నేల వాటా తింటేనే నడుస్తుందని అతని నోటితోనే తేలింది కదా?

కార్డులో లేని గడి

ఈ నష్టం ఎవరి కంటా పడకపోవడానికి ఒక కారణం మన మట్టి పరీక్ష. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 గడులున్నాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కార్బన్. పేరులో ఆరోగ్యం ఉందిగానీ బతికున్నదాన్ని కొలిచే గడి ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో దగ్గరిది సేంద్రియ కార్బన్, అది ఏళ్ళ తరబడి నింపాదిగా కదిలే అంకె. చిన్నాన్న పాత కార్డు, కొత్త కార్డు పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. రెండింట్లోనూ ‘తక్కువ’ అనే ఉంది. కాల్చిన ఏళ్ళూ అదే, ఉంచిన ఏళ్ళూ అదే. “నీ పురుగులు ఇందులో ఏవిరా?” అంటే ఏం చెప్పను?

బ్రెజిల్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 2020లో బయో ఏఎస్ అనే పరీక్ష తెచ్చింది. మామూలు మట్టి నమూనానే ఆరబెట్టి రెండు ఎంజైముల చురుకుదనం కొలుస్తారు. బీటా గ్లూకోసిడేజ్ సెల్యులోజ్ (మొక్కల పీచు పదార్థం) కుళ్ళే చివరి మెట్టులో పనిచేస్తుంది, ఆరిల్ సల్ఫటేజ్ గంధకాన్ని విడుదల చేస్తుంది. ఆకు తీసిన నేలల్లో, ఉంచిన నేలల్లో ముందు తేడా చూపేవి ఇలాంటివే. ముందుగా బ్రెజిల్‌లోని సెరాడో ప్రాంతపు పంటలకు ప్రమాణాలు కట్టారు. మనం వాడాలంటే మన నేలలకు, మన చెరకుకు మళ్ళీ కట్టుకోవాలి. అనకాపల్లిలో దశాబ్దాలుగా చెరకు పరిశోధన స్థానం ఉంది. పీక పురుగు తగ్గడానికి ముచ్చెలు నాటిన వెంటనే చెత్త కప్పమని చెప్పింది కూడా ఆ పరిశోధనే. చెత్త కప్పడం మీద అంత అనుభవమున్న చోట ఈ ప్రమాణాలు కట్టడం అసాధ్యమేమీ కాదు.

అదెప్పుడో వచ్చేదాకా నేనొక మోటు పరీక్ష చేశాను. పాత నూలు పంచె ముక్కలు ఆకు కప్పిన సాలులో కొన్ని, కాల్చిన చెక్కలో కొన్ని జానెడు లోతున పాతిపెట్టాను. నూలంటే సెల్యులోజే కదా, తినేవాళ్ళుంటే తింటారు. రెండు నెలల తరవాత తీస్తే ఆకు కిందవి చేతిలో పీలికలై విడిపోయాయి, కాల్చినవాటి నేత ఇంకా కనబడుతోంది. నేను ఫొటోలు తీసుకుంటుంటే చిన్నాన్న పక్కనే నిలబడి, “ఆ సెక్కకి నీరెట్టి ఎన్నాళ్ళయ్యింది మరి?” అన్నాడు. తడి లేక తినలేదా, తిండి లేక తినేవాళ్ళే తగ్గారా అన్నది ఆ గుడ్డముక్క చెప్పదు. రెండూ ఆకుతోనే ముడిపడి ఉన్నాయని నేనంటాను. ఆయన ఒప్పుకోలేదు, కానీ ఆ పీలికలను పారేయకుండా గానుగ పాకలో చూరుకు దోపాడు. వచ్చినవాళ్ళకు ఆయనే చూపిస్తున్నాడని తరవాత తెలిసింది.

ఇక కౌలు. మా కుటుంబం చేలల్లో సగం కౌలుకే ఉన్నాయి, ఒప్పందం ఏడాదికే. మూడో కార్శిలో తిరిగొచ్చే నత్రజని కోసం ఈ ఏడు రెండు బస్తాల యూరియా అదనంగా వేయమని కౌలు రైతుకు నేను చెబితే అది అన్యాయం. ఆకు అమ్మితే వచ్చే డబ్బు అతనికి ఈ ఏడే చేతికొస్తుంది. సూక్ష్మజీవుల ఆరోగ్యం అని మనం మాట్లాడేదంతా నిజానికి భూమి ఎవరి పేరున ఉందో వాళ్ళ ఆస్తి, దానికి శ్రమ, ఖర్చు, నిప్పు భయం మాత్రం దున్నేవాడివి. అందుకని ఈసారి ఇంట్లో ఒక మాట అనుకున్నాం: ఆకు చేనులోనే ఉంచితే కౌలు తగ్గిస్తామని. మా పెద్దనాన్న కొడుకు ససేమిరా అన్నాడు, చెత్తకు కౌలు తగ్గించడం ఎక్కడైనా విన్నామా అని. చిన్నాన్న మధ్యలో పడి ఒప్పించాడు. కౌలు రైతు కూడా సరేనన్నాడు. ఎంత తగ్గించాలన్న దగ్గర ఆగింది. ఏజెంటు ఇస్తానన్నంతా తగ్గించమని అతను, అందులో సగం చాలని మావాళ్ళు. యూరియా ఖర్చు ఎవరిదో ఇంకా మాట్లాడుకోలేదు.